బుర్రకథా పితామహుడు షేక్ నాజర్

కథను పాటగా చెప్పడం తెలుగు పల్లెలకు తరతరాల సంప్రదాయం. కొండగట్టు పరిసరాలలోని కరీంనగర్ పల్లెలను ఒగ్గుకథ, శారదకథ అలరించినట్లే కోస్తా గ్రామాలను జంగంకథ, బుర్రకథ అలరించాయి. విద్యావంతులు ఈ కళలను చిన్నచూపు చూసిన కాలంలో, బుర్రకథకు శాస్త్రీయ సంగీతాన్ని, నాటకాభినయాన్ని జోడించి దానిని ప్రజల గొంతుగా తీర్చిదిద్దిన కళాకారుడు షేక్ నాజర్.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో నిరుపేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. పేదరికం వల్ల చదువు సాగలేదు గాని, చక్కని కంఠస్వరం ఆయనను చిన్ననాటనే రంగస్థలానికి చేర్చింది. బాల్యంలో నాటకాలలో స్త్రీ పాత్రలు ధరించి మెప్పించారు. శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖంగా అభ్యసించారు. తరువాతి కాలంలో ఈ రెండు విద్యలూ ఆయన బుర్రకథకు రెండు కళ్ళయ్యాయి.

బుర్రకథ దళంలో ముగ్గురుంటారు. నడుమ నిలిచిన కథకుడు భుజాన తంబురా ధరించి, బొటనవేలి అందెలు మోగిస్తూ, కాలి గజ్జెలతో అడుగులు వేస్తూ కథ నడిపిస్తాడు. ఇరువైపులా ఉన్న వంతలు డక్కీలు వాయిస్తూ తందాన పలుకుతారు. వారిలో ఒకరు హాస్యం పండిస్తే, మరొకరు సమకాలీన రాజకీయాలను ప్రస్తావిస్తారు. అందువల్ల ఎంత పాత కథలోనైనా నేటి సమస్యను చెప్పవచ్చు. నాజర్ ఈ సౌలభ్యాన్ని పూర్తిగా వినియోగించుకున్నారు. సంప్రదాయపు నడకలను విడువకుండానే, సన్నివేశానికి తగిన రాగాలను ఎన్నుకున్నారు. గానం, నృత్యం, అభినయం, వచనం ఆయన ప్రదర్శనలో విడదీయరానివై నిలిచాయి.

1943లో ఏర్పడిన ప్రజా నాట్యమండలి నాజర్ జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ సంవత్సరమే బెంగాల్‌ను భయంకరమైన కరువు కబళించింది. లక్షలాది జనం ఆకలితో మరణించారు. ఆ విషాదాన్ని నాజర్ బుర్రకథగా రచించి, తెలుగు ప్రజల హృదయాలను కరిగించారు. ఆకలి బాధ తెలిసినవాడు చెప్పిన కథ కావడం వల్ల అది శ్రోతల గుండెలను సూటిగా తాకింది. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో వుడీ గత్రీ అనే గాయకుడు గిటారు పట్టుకొని, కరువువల్ల వలసపోయిన రైతుల గాథలను స్వయంగా రచించి పాడాడు. దేశాలు వేరైనా, వాద్యాలు వేరైనా, ఇద్దరూ జానపద బాణీని సామాన్యుని కన్నీటికి వాహికగా చేసుకున్నారు.

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు నాజర్‌కు అపారమైన కీర్తిని తెచ్చాయి. అయితే ప్రజా కళాకారులకు పూలబాట ఉండదు. 1940ల చివర ప్రభుత్వ నిర్బంధం తీవ్రమై ప్రజా నాట్యమండలి దళాలు చెదిరిపోయాయి. కళే జీవనాధారమైన నాజర్ ఆ కష్టకాలంలోనూ తంబురా దించలేదు. 1953లో డాక్టర్ గరికపాటి రాజారావు దర్శకత్వంలో వచ్చిన పుట్టిల్లు, 1954లో వచ్చిన అగ్గిరాముడు చిత్రాల ద్వారా ఆయన బుర్రకథ వెండితెరకెక్కింది. అగ్గిరాముడులోని అల్లూరి కథ ఆంధ్రదేశమంతటా మారుమోగింది. రచయితగా ఆయన ఆసామి వంటి నాటకాలు కూడా రచించారు. ఎందరో శిష్యులకు బుర్రకథ నేర్పారు.

భారత ప్రభుత్వం 1986లో నాజర్‌ను పద్మశ్రీ బిరుదుతో సత్కరించింది. ఆయన చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి అక్షరబద్ధం చేసిన ఆత్మకథ పేరు పింజారి. దూది ఏకేవారిని చులకనగా పిలిచిన మాటనే తన జీవితగాథకు శీర్షికగా నిలపడం ఆయన ఆత్మగౌరవానికి నిదర్శనం. 1997 ఫిబ్రవరిలో నాజర్ కన్నుమూశారు.

పండితుల సంగీతాన్ని నేర్చిన నాజర్ పామరులను విడిచిపోలేదు. నేర్చినదంతా వారి వద్దకే తీసుకువెళ్ళారు. బుర్రకథకు దక్కిన గౌరవానికి మూలం అదే. జానపద కళ కాలానుగుణంగా మారుతూనే తన మూలాలను నిలుపుకోగలదని ఆయన జీవితం నిరూపించింది.