హెన్రీ వీథి నర్సు

1893 వ సంవత్సరపు మార్చి నెలలో ఒకనాటి ఉదయమున, న్యూయార్కు నగరపు తూర్పు భాగమునందలి వలసజనుల పేటలో ఒక యువతి పేద గృహిణులకు రోగి పరిచర్యను నేర్పుచుండెను. పడక ఎట్లు సర్దవలెనో చూపుచుండగా ఒక చిన్న బాలిక వచ్చి తన తల్లికి జబ్బుగా నున్నదని చెప్పినది. ఆ పిల్ల వెంట వానతుంపరలలో, మురికి సందుల వెంబడి నడచి ఆమె లడ్లో వీథిలోని యొక ఇంటికి పోయెను. రెండు గదులలో ఏడుగురు కుటుంబమువారు, వారుగాక బాడుగకున్న పరులు. బాలింత రెండు దినముల క్రిందటి రక్తపు మరకలతోడనే పడియుండెను. ఆమె బాలింతను శుభ్రపరచి, నేల కడిగి, ఇల్లు చక్కబెట్టి బయటికి వచ్చినది. మరల తన వైద్యకళాశాలకు పోలేదు.

ఆమె పేరు లిలియన్ వాల్డ్. 1867 లో సిన్సినాటి నగరమున కలిగిన యూదు కుటుంబమున జన్మించి, 1891 లో నర్సు పట్టమును పొందినది. సహపాఠిని మేరీ బ్రూస్టరుతో గూడి ఆ పేటలోనే కాపురముండెను. 1895 లో ధనికుడైన జేకబ్ షిఫ్ హెన్రీ వీథిలో 265 వ నంబరు ఇంటిని వారి కిచ్చెను. వైద్యుడు పంపినగాని నర్సు రాదను నియమ మచట లేదు. ఎవరు పిలిచినను వచ్చును.

ఒకనాడు పండ్రెండేండ్ల బాలు డొకడు ఆమె కంటబడెను. వాడెన్నడును బడి మెట్లెక్కి యెరుగడు. తల్లి తీసికొనిపోయినప్పుడెల్ల తలలో పుండ్లున్నవని త్రిప్పి పంపుచుండిరట! క్రమము తప్పక మందు పూయగా పుండ్లు మానినవి. బాలుడు బడిలో చేరెను. హాజరుపట్టీలో గైరుహాజరు గుర్తు పెట్టుటకు మన ఉపాధ్యాయులకు క్షణము చాలును. ఆ గుర్తు వెనుక ఏమున్నదో విచారించినవార మెందరము? ఈ ప్రశ్నకు నేనును తల వంచుకొనవలసినవాడనే.

1897 నుండి నగర వైద్యులు బడులను తనిఖీ చేయుచుండిరి. తామర, గజ్జి, పేలు, కంటిజబ్బు కనబడిన పిల్లల నింటికి పంపుటయే గాని వైద్యము చేయువారు లేరు. విచిత్ర మేమనగా, పంపివేయబడిన పిల్లవాడు సాయంకాలము అదే తరగతి పిల్లలతో వీథిలో ఆడుకొనుచుండెడివాడు. 1902 అక్టోబరులో వాల్డ్ తన నర్సులలో లీనా రోజర్సు అను నామెను ఒక నెల పరీక్షార్థము నాలుగు బడులకు పంపినది. ఆమె పుండ్లు కడిగి, లేపనము పూసి, కట్టు కట్టి పిల్లవానిని వెంటనే తరగతికి పంపును. సాయంకాలము వాని యింటికి పోయి తల్లికి ఆ పని నేర్పును. వైద్యునకు చూపవలసినవారిని వేరుపరచును. నగరపాలకులు డిసెంబరులోనే మరికొందరు నర్సులను నియమించిరి. 1902 సెప్టెంబరులో బడినుండి పంపివేయబడిన పిల్లలు 10,567 మంది. మరుసటి సెప్టెంబరున 1,101 మంది మాత్రమే.

1912 లో సమాఖ్య ప్రభుత్వము శిశుసంక్షేమ శాఖను నెలకొల్పుటలో ఆమె కృషియు కలదు. 1933 లో బాధ్యతలు విడిచి, 1940 సెప్టెంబరు 1 వ తేదీన మరణించినది. వాల్డ్ వివాహమాడలేదు. హెన్రీ వీథిలోని ఆ ఇల్లు నేటికిని ఆ పేటవారి సేవకే నిలిచియున్నది.