పండ్లతోటల లోయను మార్చిన ఆచార్యుడు

1924వ సంవత్సరమున, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణమున, ఇరువదినాలుగేండ్ల యువకుడొకడు క్షయవ్యాధితో మంచము పట్టెను. అమెరికా తూర్పుతీరమునందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో డాక్టరు పట్టము పొంది, అచ్చటనే అధ్యాపకుడు కానున్న తరుణమున వచ్చిన ఆపద యది. దాదాపు ఒక యేడు అతడు శయ్య విడువలేదు. కోలుకొన్న పిమ్మట తూర్పుసీమల చలికి పోక, తాను పెరిగిన చోటనే, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున బోధనకు పూనుకొనెను. అతడే ఫ్రెడరిక్ టెర్మన్.

1900 జూన్ 7వ తేదీన ఇండియానా రాష్ట్రమున జన్మించిన టెర్మన్, బుద్ధిపరీక్షలకు పేరొందిన మనశ్శాస్త్రజ్ఞుడు లూయిస్ టెర్మన్ కుమారుడు. 1932లో అతడు రచించిన 'రేడియో ఇంజనీరింగు' గ్రంథము విద్యార్థులకు ప్రామాణికమయ్యెను. అయినను ఒక చింత అతనిని వీడలేదు. ఆనాడు ఆ లోయ పండ్లతోటలకే ప్రసిద్ధి. చదువు ముగిసిన శిష్యులు జీవనోపాధికై తూర్పునకు తరలిపోవుచుండిరి.

అట్లు వెళ్లినవారిలో డేవిడ్ పాకార్డ్ ఒకడు. టెర్మన్ 1938లో అతనికి పరిశోధక వేతనము కల్పించి వెనుకకు రప్పించెను. మరియొక శిష్యుడగు విలియం హ్యూలెట్‌తో కలిసి వ్యాపారము పెట్టుటకు ప్రోత్సహించెను. 1939లో, 538 డాలర్ల పెట్టుబడితో, ఒక కారుషెడ్డులో వారి సంస్థ వెలసెను. హ్యూలెట్ విద్యార్థిదశలో రూపొందించిన ధ్వని ఆసిలేటరే వారి తొలి సరకు.

యుద్ధకాలమున టెర్మన్ హార్వర్డునందు శత్రువుల రాడార్లను వమ్ముచేయు పరిశోధనాలయమును నడిపెను. యుద్ధానంతరము స్టాన్‌ఫర్డున ఇంజనీరింగు విభాగమునకు అధిపతి యయ్యెను. విశ్వవిద్యాలయమునకు వేల యెకరముల భూమి కలదు. దాతల కట్టడి వలన దానిని అమ్మరాదు. కనుక 1951లో అందు కొంత పారిశ్రామిక వాటికగా ఏర్పరచి, పరిశ్రమలకు దీర్ఘకాలపు కౌలుకిచ్చిరి. వేరియన్ సంస్థ తొలి కౌలుదారు. పరిశ్రమలలోని ఇంజనీర్లు ఉద్యోగము మానకయే స్టాన్‌ఫర్డున ఉన్నతపట్టములకు చదువు ఏర్పాటును కూడ టెర్మన్ గావించెను.

ట్రాన్సిస్టరు సృష్టికర్తలలో నొకడగు విలియం షాక్లీ 1956లో ఆ లోయలో ప్రయోగశాల నెలకొల్పుటకు ప్రోత్సహించినవారిలో టెర్మన్ ఒకడు. మరుసటి యేడే అందుండి ఎనమండుగురు విడిపోయి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ స్థాపించిరి. వారిలో రాబర్ట్ నాయిస్, గోర్డన్ మూర్ అనువారు 1968లో ఇంటెల్‌కు పునాది వేసిరి. తోటల లోయ సిలికాన్ లోయ యయ్యెను.

ఈ వృద్ధికి నీరుపోసినది చాలవరకు సైనికశాఖల ధనమే. విద్యాలయము యుద్ధసాధనములకు తోడ్పడుట తగదని 1969లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులే ప్రతిఘటించిరి. టెర్మన్ మార్గమును అనుసరింపగోరు వారు ఆ ప్రశ్నను కూడ మరువరాదు.

1982 డిసెంబరు 19న టెర్మన్ కన్నుమూసెను. వ్యాధి వలన ఇంటిపట్టున నిలిచిపోయిన ఆ ఆచార్యుడు, శిష్యులు బ్రతుకుతెరువుకై ఇల్లు విడువనక్కరలేని కాలమును కన్నులార చూచి వెళ్లెను.