కీర్తిశేషులు భాగ్యరెడ్డి వర్మ

ఊరి వెలుపల మాలవాడయు, దానికి కొంత యెడముగా మాదిగవాడయు నుండుట తెలుగుదేశమున అనాదిగా వచ్చిన ఏర్పాటు. ఊరివారు రెంటిని సమానముగనే దూరముంచిరి. అయినను ఆ రెండు వాడలవారు ఒకరి యింట నొకరు భుజింపరు. ఒకరి బావినీరు వేరొకరు ముట్టరు. పిల్లనిచ్చి పుచ్చుకొనుట మాట యెత్తనేవలదు. ఒకే కష్టము ననుభవించువారు ఒక్కగొంతుతో మాటలాడలేకపోవుటకు వేరొక కారణము వెదుకనక్కరలేదు. ఈ యెడమును తగ్గించుటకై జీవితకాలమంతయు శ్రమించిన మహనీయులు భాగ్యరెడ్డి వర్మగారు.

ఆయన 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదు నగరమున ఒక మాల కుటుంబమునందు జన్మించిరి. ఇంటిపేరు మాదరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. కుటుంబ గురువు ఆ పేరును భాగ్యరెడ్డి యని మార్చెను. రెడ్డి యనగా ఏలిక యనియు, ఈ నేలకు తొలి యేలికలు వీరేయనియు ఆయన భావము. వర్మ యను బిరుదమును 1913లో ఆర్యసమాజమువారు ఒసగిరి. చిన్ననాట బీదరికమువలన ఆయన ఒక బారిష్టరు ఇంట పనికి కుదిరిరి.

1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన జగన్మిత్ర మండలిని నెలకొల్పిరి. అక్షరము రాని జనమునకు కరపత్రములు పంచి యేమి లాభము? కావున మండలి హరికథల నాశ్రయించెను. హరికథకు వచ్చినవాడు తన ప్రక్కన కూర్చున్నవా డేవాడవాడో యని కథ ముగియువరకైనను తలపోయడు గదా! 1911లో ఈ మండలియే మన్యసంఘ మయ్యెను. బాల్యవివాహములను, మద్యపానమును, ఆడపిల్లలను దేవత పేర జోగినులుగా విడుచు దురాచారమును సంఘము ఎదుర్కొనెను. తమలోని తగవులను తామే తీర్చుకొనుటకు పంచాయతీలను ఏర్పరచెను. 1910లో మొదలైన బడులు క్రమముగా పెరిగి ఇరువదియారు కాగా, వానిలో సుమారు 2,500 మంది బాలబాలికలు చదువుకొనిరి. సర్కారువారి రాజభాష ఉర్దూ అయిన ఆ కాలమున ఈ బడులలో తెలుగు నేర్పుట గమనింపదగినది.

నైజాము రాజ్యపు హద్దు దాటి ఆయన పేరు వినబడినది 1917 నవంబరులో. కోస్తా జిల్లాలలో సంఘసంస్కరణకై పాటుపడుచున్న గూడూరు రామచంద్రరావుగారు మొదలైనవారు బెజవాడలో మూడుదినములు పంచమ మహాజనసభ నేర్పాటు చేసి, అధ్యక్షత వహింప వర్మగారిని ఆహ్వానించిరి. ఆ మూడుదినములును కనకదుర్గ గుడి తలుపులు మూయబడెను. సభకు వచ్చినవారు కొండ యెక్కుదురేమోయన్న భయము కాబోలు! గుడి సంగతి యటుండనిండు. లోపల జరిగినది అంతకంటె గొప్ప విషయము. పంచములన్న మాటకు శాస్త్రములలో గాని పురాణములలో గాని తావులేదని అధ్యక్షులు వాదించిరి. ఈ దేశపు మొదటి నివాసులను అయిదవవారని పిలుచుట యేమి న్యాయమని ప్రశ్నించిరి. పంచమసభగా మొదలైనది ఆది ఆంధ్రసభగా ముగిసెను.

పేరు మారినంత మాత్రమున కడుపు నిండునా యని కొంద రనవచ్చును. మాలవాడు మాలవాడుగాను, మాదిగవాడు మాదిగవాడుగాను దొరతనమువారి వాకిట నిలిచినంతకాలము ఎవరి మొర వారిదే. ఉభయులకును చెల్లు పేరొకటి దొరకగనే బడి, బావి, బంజరుభూమి యన్న కోరికలు ఉమ్మడివైనవి. ఆది ఆంధ్రసభలు పెక్కు తావుల వరుసగా జరిగినవి. పలుమారులు వర్మగారే అధ్యక్షులు. మద్రాసు దొరతనమువారును ఈ పేరును అంగీకరించిరి. తెలుగు, మరాఠీ, కన్నడము మూడును వాడుకలోనున్న నైజాము రాజ్యమున ఆంధ్రశబ్దము అందరికి పొసగదు గనుక, అచ్చట ఆయన ఆది హిందువు లను పేరు చేపట్టిరి. 1931 జనాభా లెక్కలలో ఆ పేరు నమోదయ్యెను.

అంతటితో వాడల నడిమి గోడ కూలెనని వ్రాయుట సత్యము కాదు. సంఘములలో పెత్తనమంతయు మాలలదే యని మాదిగలలో పలువురు నొచ్చుకొనిరి; అరుంధతీయులను పేర వేరు సంఘములు పుట్టినవి. హైదరాబాదులోనే అరిగె రామస్వామి, బి. ఎస్. వెంకటరావుగార్లు వేరు సంఘములు నడిపిరి. మాదిగల ఫిర్యాదు నిరాధారము కాదు. కలిసి కూర్చుండుట యొకటి, పీటలు సమముగా వేయుట యొకటి. మొదటిదానికి పడిన శ్రమ రెండవదానికి చాలినంత పడలేదు. అయినను ఒకరిమీద నొకరు ఫిర్యాదు చేయుటకైనను ఒక సభ యుండవలెను గదా. 1906కు ముందు అట్టి సభ వారికి లేదు.

1930లో లక్నోలో జరిగిన అఖిలభారత సభలో వర్మగారు పాల్గొనిరి. లండనులోని రౌండు టేబులు సమావేశమున అంబేడ్కరుగారు తమ పక్షమున మాటలాడవలెనని ఆ సభ బలపరచెను. మరుసటి యేడు భాగ్యనగర్ అను పత్రికను వర్మగారు స్థాపించిరి.

1939 ఫిబ్రవరి 18వ తేదీన, ఏబదియొకటవ యేట, ఆయన కన్నుమూసిరి. హైదరాబాదు చాదర్‌ఘాట్‌లో ఆయన పూనికతో వెలసిన ఆది హిందూ భవనము ఆయన పేరుతో ముడివడియే యున్నది.