ఔషధ పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాలలో పత్తి, మిరప పండించే రైతుకు ఒకప్పుడు పశువే ప్రధానమైన ఆస్తి. ఒంగోలు జాతి ఎడ్ల జత లేనిదే అక్కడ సేద్యం సాగేది కాదు. తొలకరి వానల వెంట వచ్చి ఆ పశువులను కబళించే రోగాలకు అక్కడి ప్రజలు తరతరాలుగా పేర్లు పెట్టుకున్నారు. గొంతు వాచి, ఊపిరాడక గురకపెడుతూ పశువు మరణిస్తే అది గురకవ్యాధి. భుజమో తొడో వాచి, వాపును నొక్కినప్పుడు కరకరమని శబ్దం వస్తే అది జబ్బవాపు. ఆరోగ్యంగా ఉన్న పశువు హఠాత్తుగా కూలిపోయి, ముక్కు నుండి, నోటి నుండి గడ్డకట్టని నల్లని రక్తం కారితే అది దొమ్మ. ఈ పేర్లలో నిశితమైన పరిశీలన ఉంది. అయితే రోగానికి మూలమేదో అవి చెప్పవు.

ఆ మూలాన్ని అన్వేషించే శాస్త్రం పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో రూపుదిద్దుకున్నది. 1876లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ దొమ్మరోగానికి కారణమైన బాక్టీరియాను నిరూపించి చూపాడు. 1882లో క్షయవ్యాధి క్రిమిని కనుగొన్నాడు. 1884లో డెన్మార్కు దేశస్థుడైన క్రిస్టియన్ గ్రామ్ బాక్టీరియాలకు రంగులద్ది గుర్తించే పద్ధతిని వెలువరించాడు. గాజుపలక మీది క్రిములకు ఊదారంగు అద్ది, అయోడిన్ ద్రావణం పోసి, ఆపైన ఆల్కహాలుతో కడిగితే కొన్ని జాతులు ఆ రంగును వదలవు, కొన్ని వదిలివేస్తాయి. రంగు వదలనివి గ్రామ్ పాజిటివ్, వదిలినవి గ్రామ్ నెగటివ్. దొమ్మ, జబ్బవాపు క్రిములు మొదటి వర్గానికి చెందినవి. మట్టిలో ఏళ్ల తరబడి జీవించగల సిద్ధబీజాలను ఏర్పరచుకుంటాయి. గురకవ్యాధి క్రిమి రెండవ వర్గానికి చెందినది. ఆరోగ్యవంతమైన పశువు గొంతులో సైతం నివసించగలదు. ఒకే వానకాలంలో ఒకే పశువులశాలలో కనిపించే రోగాల వెనుక ఇంతటి భేదం ఉన్నది.

ఈ వర్గీకరణ కేవలం పేర్ల పట్టిక కాదు. రంగును నిలుపుకోవడం, వదలివేయడం అనేవి క్రిమి చుట్టూ ఉండే కణకవచపు నిర్మాణంపై ఆధారపడి ఉంటాయి. ఒక ఔషధం క్రిమి లోపలికి చొరబడగలదా లేదా అన్నది కూడా చాలావరకు ఆ కవచం మీదనే ఆధారపడి ఉంటుంది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొన్న పెన్సిలిన్ ప్రధానంగా గ్రామ్ పాజిటివ్ క్రిములను సంహరించింది. 1943లో లభించిన స్ట్రెప్టోమైసిన్ క్షయ క్రిములపైనా, అనేక గ్రామ్ నెగటివ్ క్రిములపైనా పనిచేసింది. రెండు వర్గాలనూ ఎదుర్కొనగలిగి, నోటి ద్వారా ఇవ్వదగిన ఔషధం మాత్రం ఇంకా రావలసి ఉంది. అటువంటి ఔషధాన్ని లోకానికి అందించిన పరిశోధనశాలకు సారథ్యం వహించినవారు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్య కారణంగా ముందుగానే ఉద్యోగాన్ని విడువవలసి వచ్చింది. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవారు. ఇంటిలోని లేమిని చూచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని పదమూడేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచారు. మార్గమధ్యంలోనే ఆయనను వెదికి పట్టుకుని తీసుకువచ్చారు. కుమారుని చదువు విషయంలో వెంకమ్మ పట్టుదల అసామాన్యమైనది. భర్త మరణించిన తరువాత నగలను అమ్మి ఆమె చదివించారు. సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. తరువాతి కాలంలో హార్వర్డు పాఠ్యక్రమంలో చోటు సంపాదించిన శాస్త్రజ్ఞుని విద్యారంభం ఇంత సామాన్యంగా ఉండడం గమనింపదగినది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన పిదప సన్యాసం స్వీకరించి రామకృష్ణ మఠంలో చేరాలని ఆయన తలచారు. తల్లి అందుకు సమ్మతించలేదు. వైద్యుడై రోగులకు సేవచేయడం కూడా సాధనయేనని భావించి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది. మామగారు చదువు ఖర్చులలో ఆదుకున్నారు. ఆ రోజులలో గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరు అంగీనే తొడుక్కోవడం ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు రుచించలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యోద్యోగం దక్కలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించసాగారు.

ఆ సంవత్సరాలలోనే కుటుంబంపై పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో మరణించారు. ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి శుష్కించిపోయే రోగం అది. దానిని కలిగించే క్రిమి ఏదో, అసలు అది క్రిమి వలన వచ్చేదేనా కాదా అన్నది ఆనాటి వైద్యులకు తెలియదు. తరువాత సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. రోగమూలాన్ని తెలుసుకోవాలన్న కాంక్ష ఆయనలో వేళ్లూనినది ఇక్కడనే అనుకోవచ్చు.

మామగారి సహాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను 1922 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్ నగరం చేరుకున్నారు. హార్వర్డులోని ఉష్ణమండల వైద్యకళాశాలలో చదువుకుంటూ, రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేసి పొట్టపోసుకున్నారు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి వెళ్లినవారు మరల స్వదేశానికి రానేలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. శాస్త్రచరిత్రలు ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటివేస్తాయి. భీమవరం నుండి బోస్టన్ వరకు సాగిన ఆ తపస్సుకు శేషగిరమ్మగారు చెల్లించిన మూల్యం ఒక వాక్యంలో ఇమిడేది కాదు.

హార్వర్డు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది పాఠ్యగ్రంథాలకెక్కింది. కండరంలో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, సమస్త జీవకణాలకు శక్తి నాణెం వంటి ఏ.టి.పి.ని 1929లోను వారిద్దరు వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. 1930లో సుబ్బారావుకు డాక్టరేటు లభించింది. ఇంతటి కృషి చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి నీయలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధనాధిపతి అయ్యారు.

అక్కడ ఆయన చేపట్టిన మొదటి మహత్కార్యంలో బాక్టీరియాలు శత్రువులుగా గాక సేవకులుగా పనిచేశాయి. బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒక రకపు రక్తహీనత ఈస్టుతో నయమవుతుందని లూసీ విల్స్ 1930 ప్రాంతంలో గమనించింది. ఈస్టులో, కాలేయంలో ఉన్న ఆ అజ్ఞాత పదార్థాన్ని విడదీయాలి. అయితే ఏ సీసాలో అది ఉన్నదో, ఎంత ఉన్నదో తెలిసేదెట్లా? లాక్టోబాసిల్లస్ కేసీ అనే హానిలేని బాక్టీరియా ఆ పదార్థం లేనిదే పెరగదు. పరీక్షానాళికలోని పోషకద్రవంలో ఆ క్రిమిని వేసి, శోధించదలచిన సారాన్ని కొద్దిగా కలిపితే, పదార్థం ఉన్నంత మేరకు క్రిములు వృద్ధిచెంది ద్రవం మసకబారుతుంది. మసక ఎంత చిక్కనైతే పదార్థం అంత అధికం. ఈ క్రిమి త్రాసుతో తూచుకుంటూ సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులపై టామ్ స్పైస్ అనే వైద్యుడు దానిని ప్రయోగించగా వారు తేరుకున్నారు. సోదరులను బలిగొన్న వ్యాధికి ఔషధం ఈ విధంగా లభించింది. అదే అణువును స్వల్పంగా మార్చి చేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో బాలల రక్తక్యాన్సరును తాత్కాలికంగానైనా వెనుకకు మరలించగలిగాడు. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ 1947లో ఇదే పరిశోధనశాల నుండి వెలువడింది. గోదావరి మండలంలో బోదకాలును ఎరిగి పెరిగినవారికి ఆ మందు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక క్రిమిసంహారకం సంగతి. మట్టిలో క్రిములు ఒకదానితో ఒకటి పోరాడుతూ విషపదార్థాలను విడుస్తాయి. వాటిలో మనిషికి పనికివచ్చేవి ఉంటాయి. లెడర్లీ సంస్థ 1944లో బెంజమిన్ దుగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుని ఈ అన్వేషణలో నియమించుకున్నది. విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసిన ఆయన వయస్సు అప్పటికి డెబ్బది దాటింది. అనేక ప్రాంతాల నుండి మట్టి నమూనాలు తెప్పించారు. పని శ్రమతో కూడినది. మట్టిని నీటిలో కలిపి పోషకపు పళ్లెంపై పరచి, మొలిచిన సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా వేరుచేసి, వాటి ప్రక్కన గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ క్రిములను గీతలుగా నాటుతారు. ఏ గీత పెరగకుండా నిలిచిపోయిందో చూస్తారు. గ్రామ్ వర్గీకరణ ఇక్కడ గీటురాయి. రెండు వర్గాల గీతలూ నిలిచిపోతేనే ఆశ. అత్యధిక భాగం నమూనాలు ఏమీ చూపలేదు. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం నుండి విలియం ఆల్బ్రెక్ట్ పంపిన మట్టిలో బంగారువన్నె గల ఒక సూక్ష్మజీవి 1945లో కనిపించింది. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అనీ, అది ఉత్పత్తిచేసే పసుపుపచ్చని పదార్థానికి ఆరియోమైసిన్ అనీ పేరు పెట్టారు.

పళ్లెంలో పనిచేసినది శరీరంలో పనిచేయాలి. దానిని శుద్ధిచేయడం, జంతువులపై పరీక్షించడం, వైద్యులకు అందించడం సుబ్బారావు నడిపిన బృందాల పని. హార్లెం ఆసుపత్రిలో లూయిస్ రైట్ దానిని తొలిసారిగా రోగులపై ప్రయోగించాడు. ఆరియోమైసిన్ రెండు వర్గాల బాక్టీరియాలనే గాక, టైఫస్ జ్వరం కలిగించే రికెట్సియాలను కూడా అదుపుచేసింది. పశువుల నుండి పాలద్వారా మనిషికి సోకే బ్రూసెల్లోసిస్‌పై పనిచేసింది. బాక్టీరియా తనకు కావలసిన మాంసకృత్తులను తయారుచేసుకోకుండా అడ్డుకోవడం దీని మర్మమని తరువాత తెలిసింది.

1948 జూలై 21న న్యూయార్కు శాస్త్ర అకాడమీలో ఈ ఔషధాన్ని ప్రకటించారు. పత్రంపై ఉన్నది దుగ్గర్ పేరు మాత్రమే. పరిశోధన చేసినవారికే పేరు దక్కాలన్నది సుబ్బారావు వైఖరి. ఆ వైఖరి వలననే ఆయన పేరు సామాన్యులకు చేరలేదు. ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రించిన సుబ్బారావు మరునాడు మేల్కొనలేదు. గుండెపోటుతో నిద్రలోనే ప్రాణం విడిచారు. వయస్సు 53 సంవత్సరాలు. ఆ డిసెంబరులో ఆరియోమైసిన్‌కు అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది.

ఆరియోమైసిన్ అణువులోని క్లోరిన్‌ను తొలగించి లాయిడ్ కానోవర్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు టెట్రాసైక్లిన్‌ను తయారుచేశాడు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం మందుల దుకాణాల ముందు బారులు తీరినది ఈ కుటుంబపు ఔషధం కోసమే. పశువైద్యులు దీనిని గురకవ్యాధికి వాడుతున్నారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పత్తిలో నల్లమచ్చ తెగులుకు, మిరపలో బాక్టీరియా ఆకుమచ్చకు ఏళ్ల తరబడి పిచికారి చేసిన స్ట్రెప్టోసైక్లిన్ పొడిలో ఉన్నదీ స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లే.

అయితే ఈ విరివి వాడకానికి మరొక ముఖం ఉంది. ఆరియోమైసిన్ మడ్డి కలిపిన మేత తిన్న కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నట్లు సుబ్బారావు సహచరులైన జ్యూక్స్, స్టోక్‌స్టాడ్‌లు 1950లో వెల్లడించారు. నాటి నుండి రోగం లేని పశుపక్ష్యాదులకు కూడా మేతలో ఔషధం కలపడం ప్రపంచమంతటా ఆచారమైంది. కొద్ది మోతాదుకు అలవడిన క్రిములలో ఔషధాన్ని బయటకు నెట్టివేసే జన్యువులు వ్యాపించాయి. అవి ఒక జాతి బాక్టీరియా నుండి మరొక జాతికి కూడా సంక్రమిస్తాయి. పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 నుండి పూర్తిగా నిలిపివేసింది. అందువలన నేటి ప్రయోగశాలలో క్రిమి జాతిని గుర్తించడంతో పని ముగియదు. ఏ ఔషధానికి అది లొంగుతుందో, ఏ ఔషధానికి లొంగదో కూడా పళ్లెంపై పరీక్షించి నిర్ణయిస్తారు. దుగ్గర్ గీతలు గీసి చూచిన పరీక్షకూ దీనికీ పోలిక ఉంది.

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్లను విడుదల చేసింది. అంతకు ఎంతో ముందే, 1953లో, లెడర్లీ పరిశోధనశాలకు చెందిన హెసెల్టైన్ తాను కొత్తగా వర్ణించిన ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశాడు.