అబ్రహాం లింకన్ - మన ప్రత్తి చేలు

అబ్రహాం లింకన్ జీవితం మనందరం హైస్కూలు వాచకాల్లో చదువుకున్నదే. దుంగల గుడిసెలో పుట్టడం, పొయ్యి వెలుగులో చదువుకోవడం, బానిసలకు విముక్తి కలిగించడం, చివరికి తుపాకి గుండుకు బలి కావడం - ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తే మాస్టారు మార్కులు వేసేవారు. అయితే ఆ మహాశయుడికీ మన గుంటూరు, ఒంగోలు నల్లరేగడికీ ఒక లంకె ఉంది. ఆ సంగతి ఏ వాచకమూ నాకు చెప్పలేదు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బ్రతుకుతున్నా, ప్రత్తి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక, ఆ లంకె పట్టుకుని ఆయన జీవితాన్ని మళ్ళీ చదివాను. అదే విద్యార్థి మిత్రుల ముందు ఉంచుతున్నాను.

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీలో పుట్టాడు. తొమ్మిదో ఏట తల్లి పోయింది. బడికి వెళ్ళిన రోజులన్నీ కలిపితే ఏడాది కూడా కాదు. 1828లో, పందొమ్మిదేళ్ళ వయసులో, నెలకు 8 డాలర్ల జీతానికి ఒక వర్తకుడి సరుకును బల్లకట్టు మీద వేసుకుని మిసిసిపీ నది వెంట న్యూ ఆర్లియన్స్ దాకా వెళ్ళాడు. అది ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రత్తి రేవుల్లో ఒకటి. మనుషులను వేలం వేసే అంగళ్ళు కూడా అక్కడే. ఒకదాన్ని ఒకటి పోషించుకునే ఈ రెండు వ్యాపారాలూ పక్కపక్కనే సాగే ఊళ్ళో ఆ కుర్రవాడు తిరిగాడు. అతని జీవితంలో వర్తకశాస్త్రానికి అదే మొదటి పాఠం అనుకుంటాను.

తర్వాత న్యూ సేలంలో భాగస్వామితో కలిసి దుకాణం పెట్టి దివాలా తీశాడు. ఆ అప్పు తీర్చడానికి ఏళ్ళు పట్టింది. పోస్టుమాస్టరుగా పని చేశాడు, సర్వే చేశాడు, సొంతంగా లా చదివి ప్లీడరయ్యాడు. 1834లో ఇల్లినాయ్ శాసనసభకు ఎన్నికయ్యాడు. రాజకీయాల్లో ఆయన గురువు హెన్రీ క్లే. దిగుమతి సరుకుల మీద సుంకం వేసి స్వదేశీ పరిశ్రమను కాపాడాలి, వచ్చిన సొమ్ముతో కాలవలూ రోడ్లూ వేయాలి అన్నది క్లే మతం. లింకన్‌కు జీవితాంతం ఆ నమ్మకం సడలలేదు. మెరకల్లో చిక్కుకున్న పడవలను పైకి తేల్చే సాధనం ఒకటి కనిపెట్టి 1849లో పేటెంటు కూడా తీసుకున్నాడు. అమెరికా అధ్యక్షుల్లో పేటెంటు ఉన్నవాడు ఆయన ఒక్కడే. సరుకు కదలాలి, రేవు చేరాలి అన్న యావ ఆయనకు చిన్ననాటిది!

దక్షిణాది రాష్ట్రాలకు ఈ సుంకాలంటే గిట్టదు. వాళ్ళు ప్రత్తిని ఇంగ్లండుకు అమ్మి, అక్కడి సరుకులు చౌకగా కొనుక్కునేవారు. లింకన్ పదవిలోకి రావడానికి రెండు రోజుల ముందు, 1861 మార్చి 2న, మోరిల్ సుంకాల చట్టం మీద పాత అధ్యక్షుడు బుకానన్ సంతకం చేశాడు. దీన్ని పట్టుకుని, అంతర్యుద్ధం సుంకాల కోసం జరిగిందేగాని బానిసల కోసం కాదని వాదించేవారు నేటికీ ఉన్నారు. నాకు ఆ వాదం నచ్చదు. ఆ చట్టం నెగ్గేనాటికే ఏడు రాష్ట్రాలు విడిపోయాయి, బానిసత్వం కోసమని వాళ్ళే ప్రకటనల్లో వ్రాసుకున్నారు.

1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 19న, లింకన్ దక్షిణాది ఓడరేవులను దిగ్బంధిస్తూ ఉత్తరువు జారీ చేశాడు. కాపు కాయవలసిన తీరం 3,500 మైళ్ళు. చేతిలో పనికివచ్చే యుద్ధనౌకలు యాభై లోపే. లా చదివే మిత్రులు ఇక్కడొక మెలిక గమనించాలి. సొంత దేశపు రేవును మూసివేయడం వేరు, దిగ్బంధించడం వేరు. దిగ్బంధించామంటే అవతలివాణ్ణి యుద్ధపక్షంగా ఒప్పుకున్నట్టే. జులైలో కాంగ్రెసు రేవులు మూసే అధికారం ఇచ్చినా ఆయన దిగ్బంధం తోనే సరిపెట్టుకున్నాడు. మూసివేతను బ్రిటిషు ఓడలు లెక్కచేయకపోతే ఇంకో యుద్ధం నెత్తిన పడుతుంది. పేరు కోసం పోయి చేటు తెచ్చుకునే రకం కాదాయన.

అటు దక్షిణాదివారు కూడా, ప్రత్తి ఆపితే ఇంగ్లండు కాళ్ళ బేరానికి వస్తుందని మొదట్లో తమ సరుకు తామే బిగబట్టారు. యుద్ధానికి ముందు బ్రిటన్ మిల్లులకు నూటికి దాదాపు ఎనభై వంతుల ప్రత్తి అక్కడినుంచే వచ్చేది. 1862 నాటికి లాంకషైర్‌లో మిల్లులు మూతపడి లక్షలాది జనం పస్తులున్నారు.

అప్పుడు వర్తకుల చూపు మన దేశం మీద పడింది. ఆ రోజుల్లో గుంటూరు జిల్లా లేదు. 1859లో దాన్ని రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపారు. ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఈ నేలల్లో పండే పొట్టి పింజ, కాస్త ఎరుపు జీర ఉన్న ప్రత్తి కాకినాడ రేవునుంచి ఎగుమతయ్యేది గనుక దానికి కోకనాడ ప్రత్తి అన్న పేరే స్థిరపడింది. మన చేలో పండితే పేరు కాకినాడకు పోయింది, పోనీలెండి. లివర్‌పూల్ బజారులో 1864 నాటికి ధర యుద్ధానికి ముందున్న దానికి నాలుగింతలయింది. కాకినాడ రేవు దశ తిరిగింది. బొంబాయిలో షేర్ల వెర్రి పుట్టింది. ఆ ఏడాదే నవంబరు 1న ఉప్పెన వచ్చి మచిలీపట్నంలో 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది.

పై ధర పెరిగినంత మాత్రాన రైతు ఇంట కాసులు రాలవు. షావుకారు దగ్గర అప్పు తెచ్చి, పంట చేలో ఉండగానే బేరం కుదుర్చుకున్నవాడికి లివర్‌పూల్ ధర ఏ మేరకు అందుతుంది? మా ఇంట్లో నేను చూసిందీ ఇదే గనుక ఇంత ధైర్యంగా అంటున్నాను.

లాంకషైర్ సంగతి మరొకటి చెప్పాలి. ప్రత్తి లేక పస్తులుంటూ కూడా మాంచెస్టర్ కార్మికులు 1862 డిసెంబరు 31న సభ చేసి, బానిస విముక్తికి మద్దతుగా లింకన్‌కు జాబు వ్రాశారు. మర్నాడే విముక్తి ప్రకటన అమలులోకి వచ్చింది. జనవరి 19న ఆయన వారికి జవాబు వ్రాశాడు. ఫిబ్రవరిలో జార్జ్ గ్రిస్వోల్డ్ అనే ఓడ పిండి, తిండి సామగ్రి వేసుకుని న్యూయార్క్ నుంచి లివర్‌పూల్ చేరింది. ఇంగ్లండులో అందరూ ఆ మాటమీదే లేరు, దక్షిణాది పక్షం వహించిన మిల్లు పట్టణాలూ ఉన్నాయి. అయినా తన ఉత్తరువు వల్ల అన్నం పోయినవాడి దగ్గరనుంచి మెప్పు పొందిన పాలకుడు చరిత్రలో అరుదు.

1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో కాల్పులు, మర్నాడు ఉదయం మరణం. యుద్ధం ముగిసింది, రేవులు తెరుచుకున్నాయి, ప్రత్తి ధర కుప్పకూలింది. జులైలో బొంబాయి షేరు బజారు పడిపోయింది. నలభై లక్షలమంది బానిసల సంకెళ్ళు తెగాయని సంతోషించవలసిన వార్తా, మన రైతుకు ధర పోయిన వార్తా ఒకే ఓడలో వచ్చాయి. ఈ రెంటిలో దేన్ని ముందు తలచుకోవాలో ప్రత్తి రైతు కొడుకుగా నాకు సందేహం లేదు. బానిస చాకిరీతో చౌకపడ్డ దూదితో పోటీపడడం ఏ రైతుకూ న్యాయం కాదు.

అయితే లింకన్ యుద్ధఖర్చుకని పెంచిన సుంకాలు యుద్ధంతో పోలేదు. 1860లో 20 శాతం లోపున్న సగటు సుంకం 1865కు 45 దాటింది. ఆయన పార్టీవారు దాన్ని మోస్తూ 1930లో హూవర్ దాకా వచ్చారు. 1934లో రూజ్‌వెల్టు పరస్పర ఒప్పందాలతో సుంకాలు తగ్గించే అధికారం కాంగ్రెసునుంచి పుచ్చుకున్నాడు. అధ్యక్షుడి చేతికి వచ్చిన అధికారం ఎటైనా తిరుగుతుంది. 2025 ఆగస్టులో ట్రంపు మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు మన తీరంలో రొయ్యల చెరువుల వాళ్ళు గుండెలు పట్టుకున్నారు. అదే నెలలో మన ప్రభుత్వం దిగుమతి ప్రత్తి మీద 11 శాతం సుంకాన్ని ఆ ఏడాది చివరిదాకా ఎత్తివేసింది. మిల్లులకు అది ఊరట, రైతుకు పోటు.

మోరిల్ పేరు ఇంకోచోట కూడా వస్తుంది. ఆయనే తెచ్చిన వ్యవసాయ కళాశాలల బిల్లును బుకానన్ 1859లో తోసిపుచ్చాడు. 1862 జులై 2న లింకన్ సంతకం పెట్టాడు. ఆ చట్టం కింద వచ్చినదే కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి తోడ్పడ్డది ఈ కాన్సస్ వారే. బాపట్ల కళాశాల అందులో చేరింది. ఇప్పుడది ఆచార్య రంగా పేరుతో గుంటూరు దగ్గర లాం నుంచి నడుస్తున్నది. లాం ఫారంలో ప్రత్తి, మిరప విత్తనాలు రూపొందాయి.