అమ్మాయిలకు ఆసుపత్రి తలుపు తెరిచిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి

తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రులలో జులై 30ని ఆసుపత్రి దినంగా జరుపుతున్నారు. అది డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి పుట్టినరోజు. ప్రసవ సహాయ పథకానికి ఆమె పేరే పెట్టారు కాబట్టి తిరుత్తంగల్‌లో మన తెలుగు ఇళ్ళలోని తల్లులకు ఆ పేరు కొత్త కాదు. భర్త డాక్టర్ సుందర రెడ్డి గారి ఇంటిపేరును బట్టి ఆమెను మనవాళ్ళ కోడలని చెప్పుకోవడం మనకు ఇష్టం. కానీ ఆమె జీవితం మన పిల్లలలో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆమె 1886లో పుదుక్కోట్టైలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కళాశాల ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినవారు. పెద్దమనిషి అయిన పిల్లను బడి మాన్పించడం ఆనాటి ఆచారం. ఆమెకూ అదే జరిగింది. తండ్రి ఇంటి దగ్గరే చదివించారు. తర్వాత మగపిల్లల కళాశాలలో చేరబోతే ఊళ్ళో అభ్యంతరాలు లేచాయి. మహారాజా అనుమతి ఇవ్వబట్టి చదువు సాగింది. 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, 1912లో డాక్టరై బయటికి వచ్చారు.

1926 చివర ఆమెను మద్రాసు శాసనమండలికి నియమించారు. ఉపాధ్యక్షురాలిగానూ ఎన్నికయ్యారు. ఆ పదవిని ఆమె అలంకారంగా చూడలేదు. పురపాలక బడులలో పిల్లలకు వైద్య పరీక్షలు జరగాలని, స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక ఆసుపత్రి కావాలని పట్టుబట్టారు. ఆడపిల్లల పెళ్ళి వయసు పెంచాలని, దేవదాసీ ఆచారం పోవాలని పోరాడారు. చిన్న వయసులో కాన్పులు పిల్లల ప్రాణాల మీదికి తెస్తాయని డాక్టరుగా ఆమెకు బాగా తెలుసు. గాంధీజీ అరెస్టుకు నిరసనగా 1930లో పదవి వదులుకున్నారు.

ఆ ఏడాదే దేవదాసీ కుటుంబాల ఆడపిల్లలు కొందరు ఆశ్రయం కోరి ఆమె ఇంటికి వచ్చారు. వాళ్ళను చేర్చుకునే చోటు ఊళ్ళో లేదు. ఆమె తన ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆ పని పెరిగి అవ్వై ఇల్లం అయ్యింది. ఎందరో అనాథ బాలికలు అక్కడ చదువుకుని నిలబడ్డారు. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన బాధను మనసులో పెట్టుకుని, 1954లో అడయారులో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభింపజేశారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1968లో కన్నుమూశారు.

ఈ జీవితం నుంచి మన ప్రాంతం తీసుకోవలసిన మాట ఒకటుంది. ఆసుపత్రి కట్టినంత మాత్రాన పిల్లలు రారు. అవమానం జరగదన్న నమ్మకం కలిగితేనే వస్తారు. 2014 నుంచి కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల కోసం ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రత్యేక క్లినిక్‌లు ఏర్పాటు చేస్తున్నారు. నెలసరి బాధలు, రక్తహీనత, మనసులోని దిగులు, అన్నీ అక్కడ అడగవచ్చు. చెప్పిన విషయం బయటికి పోకూడదన్నది వాటి నియమం.

అయినా శివకాశి, తిరుత్తంగల్ వైపు చదువుకునే పిల్లలు, అగ్గిపెట్టెల పనికీ ప్రెస్సు పనికీ వెళ్ళే యువతులు గడప తొక్కడానికి వెనుకాడతారు. మన పిల్లలకు తమిళం బాగా వచ్చు, భాష అడ్డం కాదు. వరుసలో కూర్చున్న పక్కింటి అత్త చూసి, పెళ్ళి కాని పిల్లకు ఇక్కడేం పని అని ఊరంతా చెబుతుందన్న భయమే అడ్డం. ఆ అత్తలూ మామలూ మనమే. సంబంధాలు చూసేటప్పుడు ఆ మాటే అడ్డొస్తుందని తల్లులు కూడా నొప్పిని ఓర్చుకోమంటారు. ఆలోగా చిన్న జబ్బు ముదిరిపోతుంది.

కాబట్టి పెద్దలకు మా మనవి ఇది. పిల్ల ఆసుపత్రికి వెళ్ళాలంటే కారణం గుచ్చి గుచ్చి అడగకండి. తోడు రమ్మంటే వెళ్ళి, డాక్టరు గది బయట కూర్చోండి. అక్కడ ఎవరిని చూసినా ఇంటికొచ్చి ఆ పేరు ఎత్తకండి. కౌమార క్లినిక్ ఏ రోజు, ఏ వేళ ఉంటుందో ఆసుపత్రిలో అడిగి, మన ఇళ్ళ పిల్లలకు చెప్పండి. జులై 30న మన సంఘాలు ముత్తులక్ష్మి గారి పటానికి దండ వేస్తే మంచిదే. ఆ రోజు ఒక్క పిల్లయినా బెదురు లేకుండా డాక్టరును చూసి వస్తే ఇంకా మంచిది.