50 ఏళ్లు తాళం వేసిన గది.. తెరిస్తే లిప్‌స్టిక్, ఐబ్రో పెన్సిల్! ఫ్రీడా కాలో అలంకరణ వెనక అసలు కథ ఇదీ..

మెక్సికో సిటీలోని కొయొవాకాన్ ప్రాంతం. అక్కడ ముదురు నీలం రంగు గోడలతో ఓ పాత ఇల్లు ఉంది. ఆ ఇంటి యజమానురాలు 1954లో చనిపోయాక, ఆమె బాత్‌రూమ్‌కి తాళం పడింది. పెట్టెలు, బీరువాలు కూడా మూసేశారు. మళ్లీ ఆ తలుపు ఎప్పుడు తెరిచారో తెలుసా? 2004లో. అంటే ఏకంగా 50 ఏళ్ల తర్వాత!

లోపల ఏం దొరికాయంటే.. ఒకపక్క ఎర్రటి లిప్‌స్టిక్, నెయిల్ పాలిష్ సీసాలు, ఐబ్రో పెన్సిల్, సెంటు బాటిళ్లు, దాదాపు 300 దుస్తులు, నగలు. ఇంకోపక్క మందు సీసాలు, ఊతకర్రలు, వెన్నుకు బిగించే కార్సెట్లు, ఓ కృత్రిమ కాలు.

ఇవన్నీ ఒక్కరివే. ఆమే ఫ్రీడా కాలో. కలిసిన కనుబొమలు, తలలో పూలు, మెడలో బరువైన పూసలు.. పేరు తెలియని వాళ్లు కూడా టీ షర్టుల మీద, బ్యాగుల మీద ఆ ముఖం చూసే ఉంటారు. మరి ఆ ముఖాన్ని ఆమె రోజూ ఎలా తయారుచేసుకునేది? ఎందుకంత శ్రద్ధ పెట్టేది?

ఆరేళ్లకే పోలియో

ఫ్రీడా 1907 జులై 6న పుట్టింది. తండ్రి గియెర్మో కాలో జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ ఫొటోగ్రాఫర్. తల్లి మటిల్డే మెక్సికన్. ఆరేళ్ల వయసులో ఫ్రీడాకి పోలియో సోకింది. నెలల తరబడి మంచంలోనే ఉంది. లేచేసరికి కుడి కాలు సన్నబడిపోయింది. తోటి పిల్లలు వెక్కిరించేవారు.

అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? సన్నటి కాలికి ఒకదాని మీద ఒకటి మేజోళ్లు తొడిగి, రెండు కాళ్లూ ఒకేలా కనిపించేలా చూసుకుంది. ఎదుటివాళ్లకి ఏం కనిపించాలి, ఏం కనిపించకూడదు అన్నది తన చేతిలోనే పెట్టుకుంది. జీవితాంతం ఆమె అలంకరణ మొత్తం ఈ లెక్క మీదే నడిచింది.

తండ్రి కూతురిని మూల కూర్చోనివ్వలేదు. ఈత, ఫుట్‌బాల్, కుస్తీ.. అన్నీ ఆడించాడు. ఫొటోలకి నిలబడటం కూడా ఆయన కెమెరా ముందే అలవాటైంది. కెమెరా వైపు సూటిగా, నవ్వకుండా చూసే ఆ చూపు అక్కడే మొదలైంది. 1926లో తండ్రి తీసిన కుటుంబం ఫొటోల్లో అమ్మాయిలంతా గౌన్లలో ఉంటే, ఫ్రీడా మాత్రం మగవాళ్ల సూటు వేసుకుని కనిపిస్తుంది.

బస్సు ప్రమాదం.. మంచం మీద అద్దం

డాక్టర్ అవ్వాలన్నది ఫ్రీడా కోరిక. పేరున్న ప్రిపరేటరీ స్కూల్లో సీటు కూడా వచ్చింది. 1925 సెప్టెంబర్ 17న ఆమె ఎక్కిన బస్సుని ట్రామ్ ఢీకొట్టింది. ఇనుప కడ్డీ ఒకటి శరీరంలోకి దూసుకుపోయింది. వెన్నెముక, కటి ఎముక, కాలర్ బోన్ విరిగాయి. అసలే బలహీనంగా ఉన్న కుడి కాలు చాలాచోట్ల విరిగింది. పాదం నలిగిపోయింది. అప్పటికి ఆమె వయసు 18 ఏళ్లు.

బతకడమే గొప్ప అనుకున్నారంతా. నెలల పాటు కదలకుండా పడుకోవాల్సి వచ్చింది. పడుకునే బొమ్మలు వేసుకోవడానికి వీలుగా తల్లి ఓ ప్రత్యేకమైన స్టాండు చేయించింది. మంచం పైకప్పుకి అద్దం బిగించారు. పైకి చూస్తే కనిపించేది తన ముఖమే. దాంతో తన ముఖాన్నే గీయడం మొదలుపెట్టింది. తర్వాత ఆమె వేసిన చిత్రాల్లో 50కి పైగా స్వీయ చిత్రాలే ఉన్నాయి.

రోజూ గంటల తరబడి తన ముఖాన్ని అంత దగ్గరగా చూసిన మనిషికి అందులో ప్రతి గీతా తెలుసు. కలిసిన కనుబొమలూ తెలుసు, పై పెదవి మీది నూగు వెంట్రుకలూ తెలుసు. కానీ వాటిని పీకేయలేదు. బొమ్మల్లో ఇంకాస్త ముదురుగా గీసింది.

పొడవాటి లంగాల సీక్రెట్ ఏంటి?

1929లో ప్రముఖ చిత్రకారుడు డియాగో రివేరాని పెళ్లి చేసుకుంది. ఆయన ఆమె కంటే 20 ఏళ్లు పెద్ద. ఫ్రీడా అంటే అందరికీ గుర్తొచ్చే ఆ దుస్తులు ఆ రోజుల నుంచే ఆమె రోజువారీ వేషం అయ్యాయి.

ఆ దుస్తుల పేరు టెహువానా. మెక్సికో దక్షిణాన టెహువాంటెపెక్ ప్రాంతంలో ఆడవాళ్లు వేసుకునేవి. అక్కడి సంతల్లో వ్యాపారం నడిపేది ఆడవాళ్లే, దర్జాగా ఉంటారని పేరు. పైన వీపీల్ అనే వదులైన, కుట్టుపని ఉన్న పొట్టి జాకెట్. కింద నేలని తాకే కుచ్చుల లంగా. భుజం మీద రెబోజో అనే శాలువా. నీలి ఇంట్లో దొరికిన ఓ పాత ఫొటోలో ఆమె తల్లి కూడా చిన్నప్పుడు ఇవే బట్టల్లో కనిపిస్తుంది. అంటే ఇది పెళ్లయ్యాక ఎక్కడి నుంచో తెచ్చుకున్న వేషం కాదు, తల్లి వైపు నుంచి వచ్చిందే.

ఇక్కడే ఉంది అసలు విషయం. పొడవాటి లంగా సన్నటి కాలిని దాచేస్తుంది. చతురంగా, వదులుగా ఉండే జాకెట్ లోపలి కార్సెట్‌ని కనపడనివ్వదు. కూర్చున్నా ఇబ్బంది పెట్టదు. ఇక పూలు, రిబ్బన్లు, నగలు, రంగులు.. హంగంతా నడుము పైనే! దాంతో చూసేవాళ్ల కళ్లు తిన్నగా ముఖం దగ్గరికే వెళ్తాయి.

ప్రమాదం తర్వాత ఆమె ఎక్కువ కాలం కార్సెట్లతోనే గడిపింది. ప్లాస్టర్‌వి, తోలువి, స్టీలువి. తెల్లటి ప్లాస్టర్ కార్సెట్లను కూడా ఖాళీగా వదల్లేదు. వాటి మీదా బొమ్మలు వేసింది. చొక్కా మీద ఎంబ్రాయిడరీ వేసుకున్నంత ఇష్టంగా!

డ్రెస్సింగ్ టేబుల్ మీద ఏముండేవి?

మేకప్ విషయంలో ఫ్రీడాకి ఓ బ్రాండ్ బాగా నచ్చింది. అదే అమెరికన్ కంపెనీ రెవ్లాన్. కనుబొమలకి నల్లటి 'ఎబోనీ' పెన్సిల్. పెదవులకి 'ఎవ్రీథింగ్స్ రోజీ' అనే ఎరుపు షేడ్. బుగ్గలకి 'క్లియర్ రెడ్' బ్లష్. గోళ్లకి రకరకాల రంగులు. పొడిబారే చర్మానికి పాండ్స్ క్రీమ్. సెంట్లలో షనెల్ నంబర్ 5, గెర్లాన్ కంపెనీ షాలిమార్ కూడా ఆమె వస్తువుల్లో ఉన్నాయి.

ఒక్కసారి ఆలోచించండి. ఒంటి మీద పూర్తిగా పల్లె దుస్తులు, ముఖానికేమో అప్పటి లేటెస్ట్ మేకప్. రెండూ ఆమెకి ఇష్టమే. దేన్నీ వదులుకోలేదు. స్నేహితులకి రాసే ఉత్తరాల చివర లిప్‌స్టిక్ పెదవుల ముద్ర వేసి పంపేది కూడా.

జుట్టు జడలల్లి, వాటిలో ఊలు దారాలు, రిబ్బన్లు కలిపి తల చుట్టూ కిరీటంలా చుట్టేది. వాటి మధ్య తాజా పూలు పెట్టేది. వేళ్ల నిండా ఉంగరాలు. మెడలో వందల ఏళ్ల నాటి పచ్చరాతి పూసలు. 1939లో పారిస్ వెళ్లినప్పుడు పికాసో చేతి ఆకారంలో ఉన్న చెవిపోగులు బహుమతిగా ఇచ్చాడు. వాటిని పెట్టుకుని బొమ్మ కూడా గీసుకుంది.

అమెరికా వీధుల్లో ఆమె నడుస్తుంటే జనం ఆగి చూసేవారు. 1937లో వోగ్ మ్యాగజైన్ కోసం ఫొటోలు తీశారు. ఫొటోగ్రాఫర్ నికోలస్ మురే తీసిన కలర్ ఫొటోలు ఇప్పటికీ ప్రపంచమంతా తిరుగుతూనే ఉన్నాయి.

వంటిల్లు, కోతులు, చిలుకలు

ఇంట్లో కూడా అంతే సందడి. గోడలకి ఘాటైన నీలం, వంటింట్లో పసుపు. గ్యాస్ వాడే రోజులొచ్చినా కట్టెల పొయ్యి మీద మెక్సికన్ పద్ధతిలో వంట. గోడ మీద చిన్న చిన్న మట్టి కుండలతో తన పేరు, భర్త పేరు. డియాగోకి నచ్చే వంటలు ఎవరి దగ్గర నేర్చుకుందో తెలిస్తే షాక్ అవుతారు.. ఆయన మాజీ భార్య లూపే మారిన్ దగ్గర! డియాగో గోడ బొమ్మలు వేస్తుంటే, బుట్టలో భోజనం సర్ది, పైన పూలు పెట్టి తీసుకెళ్లేది.

తోటలో స్పైడర్ కోతులు, చిలుకలు, వెంట్రుకల్లేని మెక్సికన్ కుక్కలు, ఓ జింక పిల్ల. వీటిలో చాలా ఆమె బొమ్మల్లోకి ఎక్కేశాయి.

జుట్టు కత్తిరించేసుకున్న ఏడాది

డియాగోతో కాపురం సాఫీగా సాగలేదు. ఆయనకి వేరే సంబంధాలుండేవి. ఆఖరికి ఆమె సొంత చెల్లెలితో కూడా. ఫ్రీడా జీవితంలోనూ వేరే వాళ్లున్నారు. 1939లో విడాకులయ్యాయి. 1940లో ఓ బొమ్మ వేసింది. అందులో పూలు లేవు, లంగా లేదు. మగవాళ్ల సూటు వేసుకుని, చేతిలో కత్తెరతో, చుట్టూ తెగిపడిన జుట్టు మధ్య కూర్చుని ఉంటుంది. డియాగోకి నచ్చేవాటిని వదిలేసినా, చెవులకి పోగులు మాత్రం అలాగే ఉంచింది! అదే ఏడాది డిసెంబర్‌లో మళ్లీ ఆయన్నే పెళ్లి చేసుకుంది.

కాలు తీసేసినా.. ఎర్ర బూటు

వయసు పెరిగే కొద్దీ నొప్పి పెరిగింది. జీవితంలో 30 దాకా ఆపరేషన్లు జరిగాయంటారు. 1953 ఏప్రిల్‌లో మెక్సికోలో ఆమె మొదటి సోలో ఎగ్జిబిషన్ పెట్టారు. మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. సరేనంది. మంచాన్నే గ్యాలరీకి పంపించింది! తను అంబులెన్స్‌లో వచ్చి, పూర్తిగా ముస్తాబై, ఆ మంచం మీద పడుకునే అతిథులను పలకరించింది.

అదే ఏడాది ఆగస్టులో కుడి కాలిని మోకాలి కింద తీసేశారు. చిన్నప్పుడు మేజోళ్లలో దాచిన కాలు అదే. ఫ్రీడా బాగా కుంగిపోయింది. కానీ కృత్రిమ కాలికి మామూలు బూటు వేయలేదు. ఎర్రటి తోలు బూటు చేయించి, దానికి చైనా కుట్టుపని ఉన్న పట్టు గుడ్డ అతికించి, చిన్న చిన్న గంటలు కట్టించింది. 40 ఏళ్లు దాచుకున్న కాలు.. ఇప్పుడు నడిస్తే మోగుతుంది!

1954 జులై 13న ఫ్రీడా కన్నుమూసింది. వయసు 47 ఏళ్లే.

చివరికి తలుపు తెరుచుకుంది

తను చనిపోయాక 15 ఏళ్ల వరకు ఆ బాత్‌రూమ్ తెరవొద్దని డియాగో చెప్పాడు. ఆయన 1957లో చనిపోయాడు. ఆ ఇంటి బాధ్యతలు చూసిన డొలోరెస్ ఒల్మెడో తను బతికున్నంత కాలం తెరవనివ్వలేదు. ఆమె 2002లో మరణించింది. 2004లో తలుపులు తీశారు. ఆ వస్తువులను శుభ్రం చేసి, లెక్క రాయడానికే ఏళ్లు పట్టింది. 2012లో నీలి ఇంట్లో, 2018లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని జనానికి చూపించారు.

అక్కడ లిప్‌స్టిక్‌ని, కార్సెట్‌ని ఒకే చోట పక్కపక్కన చూసినవాళ్లకి ఓ విషయం అర్థమైంది. ఫ్రీడాకి మేకప్ అంటే టైమ్‌పాస్ కాదు. అలాగని నొప్పి లేనట్టు నటించడం కూడా కాదు. ఆ నొప్పిని ఆమె బొమ్మల్లో చాలా పచ్చిగా గీసింది. కానీ పొద్దున్నే అద్దం ముందు కూర్చున్నప్పుడు మాత్రం, ఈరోజు జనం ముందు తనని ఏది గుర్తు చేయాలో తనే ఎంచుకుంది. చాలాసార్లు ఆ ఎంపిక ఓ నల్ల పెన్సిల్‌తో, కనుబొమల మధ్య ఖాళీ దగ్గరే మొదలయ్యేది.

ఆ నీలి ఇల్లు 1958 నుంచి మ్యూజియంగా ఉంది. మంచం, పైకప్పుకి బిగించిన అద్దం ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.